చక్రానికి మూత

మా పాప నిమ్మో నడక నేర్చిన చలికాలంలోనే, ఇక సైకిళ్లు తొక్కేది లేదని మా ఇంటి ఆడవాళ్లం మొరాయించాం. ఈ మాట చెబితే మా పుట్టింటివాళ్లు ఇప్పటికీ పడీ పడీ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. జలంధర్‌లో మా బస్తీవాళ్లెవరూ నవ్వరు. సైకిలు తొక్కడం మాకు షోకు కాదు, ఇంటిపని. అంట్లు తోమడం, రొట్టెలు కాల్చడం ఎలాగో అదీ అలాగే.

మాది కింద షెడ్డు, పైన కాపురం. షెడ్డులో మా మామగారు దార్‌జీ, మా ఆయన తర్లోచన్, కొద్దిమంది పనివాళ్లు కలిసి వ్యాయామం సైకిళ్లు తయారుచేస్తారు. పట్నాల్లో పొట్ట పెరిగినవాళ్లు గదిలో పెట్టుకుని, ఉన్నచోటు నుంచి అంగుళం కదలకుండా చెమటలు కారేట్టు తొక్కుతారే, అవి. ముందు బరువైన ఇనప చక్రం, దాని పక్కన చైను. ఆ చక్రానికి నికెలు పూత వేయించి అద్దంలా మెరిపించడంలో దార్‌జీని మించినవాడు మా బస్తీలో లేడు. ఆ సంగతి ఆయనే చెబుతారు, ఒకటికి పదిసార్లు.

కొత్త చైను కొంతసేపు తొక్కితేనే సాగుతుంది. సాగాక మళ్లీ బిగించాలి, బిగించాకే పైన రేకు కవరు వేస్తారు. ఈ తొక్కుడు పని మా దగ్గర ఆడవాళ్లది. మంచు విడి ఎండ పొడ తగలగానే పనివాళ్లు సైకిళ్లను డాబా మీదికి మోసుకొస్తారు. మేం చున్నీలు నడుముకి బిగించి ఎక్కి కూర్చుంటాం. కాళ్ల పని కాళ్లది, చేతుల పని చేతులది. హ్యాండిలు మీద పళ్లెం ఆనించుకుని బఠానీలు ఒలుస్తాం, స్వెట్టర్లు అల్లుతాం, పక్క డాబాలవాళ్ల గుట్లన్నీ విప్పుకుంటాం. మా అత్తగారు బీజీ తొక్కి పంపిన సైకిలు చైను మళ్లీ వదులైందన్న మాట లేదు. ఆవిడ నోట మోకాళ్ల నొప్పులన్న మాటా లేదు.

ఆ రోజు కూడా బీజీ ఒక సైకిలు మీద, నేను పక్కదాని మీద. నిమ్మోని నులకమంచం దగ్గర వదిలాం. దానికి అప్పుడప్పుడే కాళ్లొచ్చాయి. మంచంకోడు పట్టుకుని లేవడం, నాలుగడుగులు తూలుతూ రావడం, కూలబడడం. మెరిసేది ఏది కనిపిస్తే దాని దగ్గరికే పరుగు. చేతులకి బీజీ అల్లిన ఎర్ర ఉన్ని తొడుగులు.

నేను బఠానీ గింజలు ఏరుకుంటున్నాను. చక్రం చప్పుడు మారింది. తలెత్తేసరికి బీజీ సైకిలు చైనులో ఎర్రగా ఏదో లోపలికి పోతోంది. బీజీ కాళ్లు ఆపేసింది కానీ ఆ బరువుకి చక్రం ఆగలేదు.

నేనెప్పుడు దిగానో నాకే తెలియదు. పళ్లెం ఎటు పోయిందో తెలియదు. నిమ్మో చెయ్యి నా చేతిలో ఉంది. ఐదు వేళ్లూ ఉన్నాయి, చలికి ఎర్రబడి. తొడుగులు ఊడబీకి పారేయడం దానికి అలవాటు. అందుకని పొద్దుటినుంచి దాన్ని తిడుతూనే ఉన్నాను. ఊడబీకిన తొడుగునే తీసుకెళ్లి చక్రానికి తినిపించింది. నా మొహం చూసి, తను చేసిన ఘనకార్యానికి మెచ్చుకుంటాననుకుందో ఏమో, నవ్వింది. అక్కడే కూలబడి దాన్ని గుండెకి అదుముకుని ఏడ్చాను.

బీజీ సైకిలు దిగలేదు. వంగి, పెడలు మెల్లగా వెనక్కి తిప్పుతూ చైనులోంచి తొడుగుని లాగింది. జిడ్డు పట్టి నల్లబడిన ఆ తొడుగుకి బొటనవేలి భాగం లేదు.

నా ఏడుపు విని మగవాళ్లు పైకొచ్చారు. దార్‌జీ తొడుగుని ఇటూ అటూ తిప్పి చూసి, "ఉన్ని పోయింది, వేలు పోలేదు కదా. వాహెగురు చల్లగా చూశాడు. పిల్లని దగ్గరికి రానివ్వకండి," అన్నారు.

ఆయన కుడిచేతి ఉంగరం వేలికి చివరి కణుపు లేదు. కుర్రతనంలో, రేకు నొక్కి కోసే ప్రెస్సు కింద పడి పోయింది. మా బస్తీలో అదేం లోటు కాదు, గొప్ప. పది వేళ్లూ నిక్షేపంగా ఉన్నవాణ్ణి చూస్తే, వీడేం పని నేర్చాడులే అన్నట్టు మాట్లాడతారు. పెళ్లిచూపులకొచ్చిన కుర్రాడి చేతులు చూసి ఎలాంటి పనిమంతుడో తేల్చే మామగార్లున్నారు. ఇనుముతో బతికేవాణ్ణి ఇనుము ఎంతో కొంత కొరక్క మానదని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకంలోకి పసిపిల్లల్ని కూడా లాగేస్తున్నామని వాళ్లకి తట్టలేదు.

"మనింటి పిల్లని మనం చూసుకుంటాం దార్‌జీ," అన్నాను, ముక్కు తుడుచుకుని. "ఈ సైకిళ్లు కొనుక్కుపోయిన ఇళ్లలో పిల్లలకి ఎవరు చెబుతారు?"

"అక్కడికి కవరు వేసే పంపుతాం పుత్తర్," అన్నారు; ఏ వేళైనా నన్ను బిడ్డా అనే పిలుస్తారు.

"సగం కవరు."

ఆయన వినిపించుకోనట్టు మెట్లు దిగిపోయారు. మాట నిజమే మరి. పైజామా అంచు చిక్కుకోకుండా చక్రానికీ చైనుకీ పై సగం రేకు వేస్తారు. కింది సగం వదిలేస్తారు. మెరుపు కనబడాలి, తిరుగుతుంటే చూసి మనసు పడాలి. మా బస్తీ అంతా అదే పద్ధతి. పెద్దవాళ్ల చెయ్యి పైనుంచి వస్తుంది, పిల్లల చెయ్యి కిందినుంచి వస్తుంది. సైకిళ్లు చేసేవాళ్లలో నేల మీద పాకేవాళ్లెవరూ లేరు కాబట్టి ఎవరికీ ఆ ఆలోచన రాలేదు.

మర్నాడు హల్వాకని ఎర్ర క్యారెట్లు తెచ్చారు. తురమబోతూ, వాటిలో సన్నటిదొకటి తీసుకుని షెడ్డులోకి దిగాను. కవరు వేసి, తుడిచి, ఢిల్లీకి పంపడానికి సిద్ధంగా ఉన్న సైకిలు ముందు గొంతుక్కూర్చున్నాను. మా ఆయన్ని తొక్కమన్నాను. ఆయన నాన్న వంక చూశాడు, నా వంక చూశాడు. మా ఆయన ఎప్పుడూ గోడమీది పిల్లే. ఆ రోజు ఎందుకో నా వైపు దూకాడు. ఎక్కి తొక్కాడు.

"ఇది మన నిమ్మో వేలు," అని చెప్పి క్యారెట్‌ని కిందినుంచి పెట్టాను.

టక్కుమంది. తెగిన ముక్క ఎగిరి దార్‌జీ చెప్పుల దగ్గర పడింది. పనివాళ్లందరూ చేతుల్లో పని ఆపేశారు. దార్‌జీ వంగి ఆ ముక్క తీశారు, కుర్తాకి తుడిచారు, నోట్లో వేసుకుని నమిలారు.

"క్యారెట్ తియ్యగా ఉంది. హల్వాలో చక్కెర తగ్గించు," అని చెప్పి ప్రెస్సు దగ్గరికి వెళ్లిపోయారు.

ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది. పైకొచ్చి మిగిలిన క్యారెట్లని తురుముతూ, ఆయన మీది కోపమంతా వాటి మీద తీర్చుకుంటూ, జరిగింది బీజీకి చెప్పాను. ఆవిడ భోజనాల వేళ దార్‌జీ కంచంలో మొక్కజొన్న రొట్టె వేసి, దాని మీద వెన్నముద్ద పెట్టి, ఏ రోజూ మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"రేపటినుంచి నేనూ కోడలూ తొక్కం. పిల్ల వేలు దూరని సైకిలు తెండి, తొక్కుతాం. లేదంటే మీరే తొక్కుకోండి."

దార్‌జీ నవ్వారు. రెండు రోజులకి కోపం చల్లారుతుందిలే అనుకుని ఉంటారు. బీజీకి కోపమొస్తే కదా చల్లారడానికి. ఆవిడ మనసు కుదురుగా ఉంది. పొద్దున్నే ఎండలో మంచం వాల్చుకుని ఊరికే కూర్చునేది. ఆవిడ ఊరికే కూర్చోవడం నేను కాపురానికొచ్చాక అదే మొదటిసారి చూడడం. డాబా మీద సైకిళ్లు పేరుకుపోయాయి. పై వారం ఢిల్లీ వ్యాపారి బన్సల్ రావాలి. ఆయన కొంటేనే ఆ ఏడు మా షెడ్డు సాఫీగా నడిచేది. చైనులు సాగకుండా కవరు వేయలేరు, కవరు వేయకుండా చూపించలేరు.

చివరికి మా ఆయన తొక్కడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి తలపాగా వదులైపోయి, ఆయాసంతో మాట రాక కూర్చుండిపోయాడు. పక్క డాబా మీంచి చన్నీ చూసి, "ఏం పర్మీత్, మీ ఆయన్ని మళ్లీ పెళ్లికొడుకుని చేస్తున్నావా, నాజూగ్గా తయారవుతున్నాడు?" అని అరిచింది. మా ఆయన కనీసం సైకిలెక్కి తొక్కుతున్నాడు, మీ ఆయన మంచం దిగి ఎన్నాళ్లయిందని అడిగాను. బీజీ చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. తొక్కితే తప్ప తెలియదు కదా, అమ్మ ఇన్నేళ్లూ ఏం చేసిందో.

మూత ఆలోచన మాత్రం బీజీదే. గోధుమపిండి కలుపుతూ కలుపుతూ, చేతులు పిండిలోనే ఉంచి సైకిలు వంక చూస్తూ ఉండిపోయింది. పిండి తీసి గిన్నెలో వేసింది. ఆ పరాత్‌ని కడిగి, అదే, మేం పిండి కలుపుకునే వెడల్పాటి స్టీలు పళ్లెం, తడి ఓడుతుండగానే తీసుకొచ్చి చక్రానికి ఆనించింది. చక్రం మొత్తం అందులో దాక్కుంది. కొలిచి చేసినట్టుంది. అది ఆవిడ పెళ్లినాటి పరాత్, అంచు మీద వాళ్ల నాన్న పేరు చెక్కి ఉంటుంది.

"బెజ్జాలు వేస్తే పాడైపోతుంది బీజీ," అన్నాడు మా ఆయన.

"పాడైతే ఏం? పిల్ల చెయ్యి కంటే ఎక్కువా?"

మా ఆయనలో ఒక గుణముంది. పని చేతికి వచ్చేదాకానే భయం, వచ్చాక తిండి కూడా గుర్తుండదు. పరాత్‌కి బెజ్జాలు వేశాడు. చైను వైపుకి రేకు వంచి కిందిదాకా మూత చేశాడు. రెండింటి మధ్య సందులో నా చిటికెనవేలు పోతే చాలు, విప్పి మళ్లీ చేసేవాడు. ఎవరూ తొక్కనప్పుడు పిల్లలు పెడలు తిప్పితే అని నాకు సందేహం వచ్చింది. తలుపుకి పెట్టినట్టు గొళ్లెం పెట్టమంది బీజీ. హ్యాండిలు కింద, పసిపిల్లలకి అందని ఎత్తులో గొళ్లెం పెట్టాడు. అది వేస్తే కడ్డీ దిగి చక్రాన్ని పట్టేస్తుంది, పెద్దవాళ్లం తన్నినా తిరగదు.

రొట్టెలు ఆలస్యమయ్యాయేమని దార్‌జీ అడిగితే, పరాత్ షెడ్డులో ఉందని చెప్పాం. ఆయన కిందికెళ్లి దాన్ని గోటితో కొట్టి చూశారు. "బన్సల్ దీన్ని చూస్తే రొట్టెలు వేడిగా ఉన్నాయా అని అడుగుతాడు," అన్నారు. మూలకి పెట్టమని మాత్రం అనలేదు.

లోహ్రీ పండగ ముందు రోజు, మంచు ఇంకా విడవకముందే బన్సల్ దిగాడు. మంచి మనిషే, అబద్ధం చెప్పడమెందుకు. నిమ్మోకి పల్లీపట్టీ తెచ్చాడు. పాత రకం సైకిళ్లని చూసి తల ఊపాడు, చక్రం మీద చెయ్యి వేసి నిమిరాడు. నేను చాయ్ పట్టుకొచ్చి, కావాలనే పరాత్ సైకిలు పక్కన నిలబడ్డాను.

"ఇదేంటి దార్‌జీ, తందూరు పొయ్యికి మూతా?"

నేనే చెప్పాను. తొడుగు సంగతి, క్యారెట్ సంగతి, గొళ్లెం సంగతి. ఆయన మర్యాదగానే విన్నాడు. "నువ్వు చెప్పింది బాగుందమ్మా. కానీ మా దుకాణానికొచ్చేవాళ్లు చక్రం చూసి కొంటారు. మూత చూసి ఎవడు కొంటాడు? దార్‌జీ, మీ చక్రమంటే ఢిల్లీలో పేరు. ఆ పేరుని పళ్లెం కింద దాచుకుంటారా? అది విప్పించండి, మామూలు కవరు వేయించండి. అన్నీ నేనే తీసుకుంటాను."

మా ఆయన నా వైపు చూడలేదు. పనివాళ్లు దార్‌జీ వైపు చూశారు. వాళ్ల ఏడాది బతుకు ఆ మాట మీద ఉంది, మాది కూడా. నాకా సంగతి తెలియక కాదు. తెలిసే, ఆ సైకిలు పక్కనుంచి కదల్లేదు.

దార్‌జీ పానా అందుకున్నారు. పరాత్ సైకిలు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఒక బోల్టు విప్పారు. రెండోది విప్పారు. పరాత్ ఒక పక్కకి వాలి చక్రం మెరిసింది. ఆయన కింద కూర్చోవడం నిమ్మోకి ఆటగా తోచింది కాబోలు, నా కాళ్ల మధ్యనుంచి తూలుకుంటూ వెళ్లి ఆయన భుజం పట్టుకుని నిలబడింది. పట్టుకుని, రెండో చేత్తో ఆ తెరిచిన సందులోకి వేలు పెట్టింది. చక్రం కదలడం లేదు, గొళ్లెం వేసే ఉంది. అది ఊరికే ఆ చల్లటి మెరుపుని తడుముతోంది.

దార్‌జీ ఆ వేలు వంకే చూశారు. తాతా మనవరాళ్లిద్దరి ఊపిరీ ఆ చక్రం మీద ఆవిరై పడుతోంది. ఆయన మెల్లగా దాని చెయ్యి పట్టుకుని బయటికి తీశారు. పరాత్‌ని పైకెత్తి ఆనించారు. విప్పిన బోల్టులు వెతుక్కుని, ఒకటి తరవాత ఒకటి, మళ్లీ బిగించారు.

"బన్సల్ సాబ్, చాయ్ చల్లారిపోతోంది," అన్నారు, లేస్తూ.

బన్సల్ చాయ్ తాగాడు. ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు, తాను సాయంత్రం బండికి వెళ్తానన్నాడు. దార్‌జీ ఆయన్ని వీధి చివరిదాకా సాగనంపి, ఒక్కరే తిరిగొచ్చారు.

ఆ లోహ్రీకి మా వీధిలో మంటలు లేచాయి, డోలు మోగింది, మా ఇంట్లో మాత్రం ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఢిల్లీ బేరం చేజారింది. పనివాళ్లలో ఒకతను పక్క షెడ్డులో చేరిపోయాడు. మా ఆయన నాతో ముభావంగా ఉన్నాడు కొన్నాళ్లు, తరవాత ఆయనకే విసుగొచ్చి మానేశాడు. దార్‌జీ బీజీ పరాత్‌ని విప్పి, బెజ్జాలు పూడ్పించి ఇచ్చారు, అదే కొలతకి రేకు పళ్లేలు కొట్టించడం మొదలుపెట్టారు. బోల్టుల తలలు లోపలికి ఉండాలన్నారు, అంచు మడిచి ఉండాలన్నారు, కొడుకుని తిట్టి మూడుసార్లు చేయించారు. చైను సాగదీయడానికి వచ్చే సైకిలుకి కూడా విప్పి పెట్టుకునే తాత్కాలిక మూత ఒకటి చేయించారు. అది డాబా మీదికి రాగానే బీజీ చున్నీ బిగించి ఎక్కింది. నేనూ ఎక్కాను. లూధియానా దుకాణంవాడు ఒకడు కొద్దిగా కొన్నాడు. తక్కువే. అయినా ఏ పూటా పొయ్యి ఆరలేదు. నేను తల దించుకోవలసిన పనీ పడలేదు.

ఆ తరవాత చలి ఇంకా పోకముందే, ఒక రోజు ఉదయం దార్‌జీ నన్ను పిలిచి స్కూటర్ వెనక కూర్చోమన్నారు. ఒళ్లో రేకు మూతలు పెట్టారు, పానాల సంచీ భుజానికి తగిలించారు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు.

మా ఊళ్లోనే మోడల్ టౌన్‌లో, మునుపు మా పాత రకం సైకిలు కొన్న ఒక ఇంటి ముందు ఆపారు. తలుపు తీసిన అమ్మాయికి నా కంటే తక్కువ వయసే ఉంటుంది, చంకలో పిల్లవాడు. మేం ఫలానా బస్తీనుంచి, సైకిలు బాగుచేయడానికొచ్చామని చెబితే అనుమానంగా చూసింది. తాము ఎవరికీ ఫిర్యాదు చేయలేదంది. అయినా లోపలికి రానిచ్చింది. సైకిలు హాల్లోనే ఉంది, దాని నిండా తడిబట్టలు ఆరేసి ఉన్నాయి. అది చూసి దార్‌జీ మొహం కాస్త చిన్నబోయింది. బట్టలు తనే ఒక్కొక్కటీ తీసి కుర్చీ మీద మడతపెట్టారు.

పిల్లవాడు చంక దిగి, గబగబా పాకి, సైకిలు కిందికి చేరాడు. ఆ అమ్మాయి అలవాటుగా కాలు పట్టి వెనక్కి లాక్కుంది. "వీడికిదే ఆట," అంది. ఆ తరవాత దార్‌జీ చేతిలో మూతని, పానానీ చూసి, "సైకిలు బాగానే పనిచేస్తోంది కదండీ. దీంట్లో తప్పేముంది?" అని అడిగింది.

దార్‌జీ చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. నేను మూత అందించబోతే చెయ్యి చాచలేదు, ఆ అమ్మాయి వంక తిరిగారు.

"సైకిలుది కాదు పుత్తర్, చేసినవాడిది తప్పు."

"ఎవరు చేశారు?"

"నేనే," అన్నారు దార్‌జీ.